మిట్ట మీది మనుషులు

ఆర్లీన్ గాస్కిన్ గొయ్యి తవ్వితే నాలుగు మూలలూ మూలల్లాగే ఉండేవి. యంత్రంతో తవ్విన గోతులు ఆమె ఊరి శ్మశానంలో చాలానే చూసింది. అంచులు విరిగిపోయి, పైమట్టీ అడుగుమట్టీ ఒకటే కుప్పగా పడి ఉంటే ఆమెకి ఒళ్ళు మండేది. రెన్‌ఫ్రో అడవిలో ఆ తంతు లేదు. సిమెంటు తొట్టె లేదు, ఇనుప పేటిక లేదు, పోయినవాళ్ళ ఒళ్ళు చెడకుండా మందులెక్కించడం లేదు. బట్టలో చుట్టో, పైన్ చెక్క పెట్టెలో ఉంచో, మూడున్నర అడుగుల లోతున నేలకి అప్పజెప్పడమే. ఆ నేలని ఇక ఎప్పటికీ ఎవరూ అమ్మకూడదు, దున్నకూడదు, దానిమీద ఇల్లు కట్టకూడదు. ఆరేళ్ళుగా అక్కడ ప్రతి గొయ్యీ ఆమె చేతులతో తవ్విందే. యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి పార భుజాన వేసుకుని నడిచొస్తుంటే, అడవి చూడ్డానికొచ్చినవాళ్ళు దారి వదిలి పక్కకి జరిగేవాళ్ళు. అలా జరగడం ఆమెకి బాగానే ఉండేది.

మంగళవారం పొద్దున పని కొత్త చోట పడింది. వాగుకి అవతల మిట్ట మీద, అడవిని కాపాడే ట్రస్టువాళ్ళు అప్పటిదాకా ఎవర్నీ పూడ్చలేదు. ఆదివారం లైల్ రెన్‌ఫ్రో పోయాడు. ఆ అడవంతా ఆయనదీ, ఆయన అక్క అగస్టాదీ. ఇద్దరూ కలిసి ట్రస్టుకి రాసిచ్చారు. తనని ఆ మిట్ట మీద, ముసలి పైన్‌ల కిందే పెట్టాలని ఆయన కోరిక. శరీరాన్ని ఐసు మీద ఉంచారు. గురువారం పదింటికి పూడ్చాలి, అంతకుమించి ఆగడానికి లేదు.

ట్రస్టు తరఫున అడవిని చూసుకునే థేయర్ బోలండ్ అప్పటికే నాలుగు నారింజ జెండాలు పాతి ఉంచాడు. నలభై ఐదేళ్ళవాడు, మంచివాడే. ఒక్కో గడ్డి పరకనీ పేరు పెట్టి పిలవగలడు. మిట్టని చూపిస్తూ తెగ మురిసిపోయాడు. ఫిబ్రవరిలో పద్ధతి ప్రకారం నిప్పు పెట్టించాడట. ఈ పైన్‌లకి రెండు మూడేళ్ళకోసారి కింద నేల కాలితేనే బలం. దానికి ముందు రెండు శనివారాలు ముప్ఫై మంది వచ్చి, మిట్టంతా పాకిపోయిన వింకా తీగని వేళ్ళతో సహా పీకేశారట. ఎక్కడో పరదేశం నుంచి వచ్చిన తీగ, ఇక్కడి మొక్కని బతకనివ్వదు. నలభై రెండు సంచులు నిండాయని చెప్పాడు. ఆర్లీన్ ఆ నెలంతా మోకాలు బాగోక ఇంట్లోనే ఉంది కాబట్టి అదేమీ చూడలేదు. మంచి పనే చేశారంది. అతను వెళ్ళిపోయాడు.

ఆమె ముందు రెండు పట్టాలు పరిచింది. ఒకటి బూడిదరంగు పైమట్టికి, రెండోది కిందొచ్చే పసుపు మట్టికి. ఏ మట్టి ఏ వరుసలో వచ్చిందో అదే వరుసలో వెనక్కి పోవాలి. అది ఆమె పట్టుదల. కాలిన గడ్డి దుబ్బుల్ని వేళ్ళు తెగకుండా పారతో లేపి నీడలో పెట్టింది. తర్వాత తవ్వడం మొదలెట్టింది. నడుముతో కాదు, కాలితో తవ్వాలని ఆమెకి వాళ్ళ నాన్న నేర్పాడు. పార మీద పాదం వేసి, ఒళ్ళంతా దానిమీదకి వొదిలేస్తే చాలు, మిగతాది నేల చూసుకుంటుంది.

మోకాలి లోతు రాకముందే ఆమె ఆగింది. అక్కడ పసుపు మట్టి రావాలి. వచ్చింది వేరే. బూడిద మట్టిలో పసుపు, పసుపులో ఎరుపు, అన్నీ కలగలిసి ఉన్నాయి. ఆమె గుప్పెడు తీసుకుని వేళ్ళతో నలిపింది. ఎంత జాగ్రత్తగా పూడ్చినా, ఒకసారి తవ్విన నేల తవ్వినట్టే ఉంటుంది. ఆ సంగతి ఆమెకన్నా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలోనే లేరు.

పార పక్కన పెట్టి, ఇనుప చువ్వ తీసుకుంది. వేరో రాయో ఉందేమోనని తవ్వేముందు పొడిచి చూసుకునే చువ్వ అది. జెండాల మధ్య పొడిస్తే అడ్డూ ఆపూ లేకుండా దిగింది. నాలుగడుగులు అవతల పొడిస్తే జానెడు దిగి ఆగిపోయింది. మళ్ళీ రెండడుగులు జరిగితే మళ్ళీ దిగింది. అప్పుడు ఆమె వెనక్కి నడిచి, వాలు మీద నిలబడి, ఎండ ఏటవాలుగా పడుతున్న ఆ నల్లటి నేలని చూసింది. చిన్న చిన్న పల్లాలు. మనిషి పొడుగు పల్లాలు. అన్నీ తూర్పు పడమరలుగా, ఒకదాని పక్కన ఒకటి. జెండాలకి పక్కన, పీకినప్పుడు తెగిపోయిన ఒక వేరు దగ్గర రెండు పచ్చటి ఆకులు మళ్ళీ మొలిచాయి. థేయర్ దాన్ని వింకా అంటాడు. ఆర్లీన్ లాంటి నల్లవాళ్ళలో దానికి ఉన్న పేరు సమాధి తీగ. రాయి కొనుక్కోలేనివాళ్ళు తమవాళ్ళ తల దగ్గర నాటుకునేది అదే. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని, మనిషి పడుకున్న చోటు ఎవరూ మర్చిపోరని.

ఆమె తిరిగొచ్చింది. గొయ్యి అంచునే కూర్చుంది. కాసేపటికి లేచి, తీసిన మట్టిని తీసిన వరుసలోనే తిరిగి పోసి, గడ్డి దుబ్బులు యథాస్థానంలో పెట్టి, థేయర్‌కి ఫోను చేసింది.

అతను వచ్చాడు, మట్టి చూశాడు, నమ్మలేదు. ఏ పాత మొద్దో కాలి కుళ్ళిపోయి ఉంటుందన్నాడు. జిల్లా రికార్డుల్లో అక్కడ శ్మశానం లేదు, రెన్‌ఫ్రోల పాత పటాల్లోనూ లేదు. నేల లోపల చూసే యంత్రం తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది, గురువారం దాకా కూడా లైల్ శరీరం ఆగడం కష్టంగానే ఉంది. అప్పుడే ట్రస్టు అధ్యక్షుడికి ఫోను చేశాడు, అటు పక్కకెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, ఆమె మొహంలోకి చూడకుండా, ఆమె తవ్వకపోతే బుధవారం మధ్యాహ్నం ఊళ్ళోంచి చిన్న యంత్రం తెప్పించమన్నారని చెప్పాడు. తవ్వేటప్పుడు ఏదైనా తగిలితే ఓ ఆరడుగులు పక్కకి జరుపుకోవచ్చట.

"తగిలితే అంటే? ఏది తగిలితే?" అంది ఆర్లీన్. "తలా? కాలా?"

మీకు కాగితమేదైనా ఉంటే తెచ్చివ్వండి, నేను మళ్ళీ మాట్లాడతాను అన్నాడు, నిజంగానే సాయం చేద్దామనే. మనుషుల్ని బతికుండగానే కాగితం మీదకి ఎక్కించనివాళ్ళు చచ్చాక ఎక్కిస్తారా అని ఆమెకి నోటి దాకా వచ్చింది. మింగేసి, పార బండిలో పడేసి వెళ్ళిపోయింది.

*

లువీనియా అత్త వంటకి కొలార్డ్ ఆకుకూర తుంచుతోంది. ఆర్లీన్ నాన్నకి అక్క ఆవిడ, తొంభై ఒకటి నిండాయి. ఆకు ఒక గిన్నెలోకి, కాడలు బల్ల మీదకి వేస్తోంది. మేనకోడలు పగటి పూటే రావడం చూసి, తెల్లవాళ్ళు చావడం మానేశారా ఏమిటి అని పలకరించింది.

ఆర్లీన్ ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆవిడ నోరు ఊరుకోదు. "మనవాళ్ళు పెట్టె కొనే గతిలేక దుప్పట్లో చుట్టి పూడిస్తే అది దరిద్రం. అదే వాళ్ళు చేస్తే అడవి మీద ప్రేమ. బాగుందే వరస," అనేది. ఆర్లీన్ ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఆ రోజు నవ్వలేదు. వాగవతల మిట్ట గురించి చెప్పింది. చువ్వ ఎక్కడ దిగిందో, ఎక్కడ ఆగిందో చెప్పింది.

అత్త చేతులు ఆగిపోయాయి. "మిట్ట మీదా? పైన్‌లున్నాయా అక్కడ?"

"ఉన్నాయి. పెద్దవి."

"నా చిన్నప్పుడు ఒక్కటే ఉండేది. మిగతావి రెన్‌ఫ్రోలు నాటారు, మమ్మల్ని రావద్దన్నాక." ఆవిడ గిన్నె పక్కకి జరిపింది. "ఇన్నేళ్ళూ ఏ మిట్టో నీకు చెప్పలేకపోయానే. అడ్డం కంచె, కంచెనిండా చెట్లు. రోడ్డు మీంచి చూస్తే ఏమీ ఆనవాలు లేదు."

తర్వాత కాడలు ఏరుకుని బల్ల మీద వరుసగా పేర్చడం మొదలెట్టింది. వాగు వైపు నుంచి మొదటిది ఐజమ్ తాత. ఆయన పక్కన ఆయన రెండో భార్య. మొదటి భార్యని బానిసల కాలంలో ఎక్కడో అమ్మేశారు, ఆవిడ ఇక్కడ లేదు. తర్వాత కమ్మరి ప్లెజెంట్. తర్వాత ఆ ఒంటి పైన్ కోసం కాస్త ఖాళీ. ఒక్కో కాడ పెట్టి, మనిషి పేరు చెప్పి, వేలితో సరిచేసింది. ఒకచోట కాడని రెండుగా విరిచి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టింది. "కవలలు. పేర్లు పెట్టే లోపే పోయారు." చివర్న, వాలు వైపు, ఒక కాడ మిగతావాటికి కొంచెం ఎడంగా పెట్టి, దానిమీంచి చెయ్యి తియ్యలేదు. అది టెంపీ, ఆవిడ అమ్మ, ఆర్లీన్‌కి నానమ్మ. ఆ మిట్ట మీద ఆఖర్న పెట్టింది ఆమెనే. అప్పుడు అత్తకి పన్నెండేళ్ళు.

ఆర్లీన్ ఆదివారం చర్చిలో ఇచ్చిన పాటల కాగితం వెనక ఆ వరుసంతా గీసుకుంది. లెక్కేస్తే పదమూడు.

"వాళ్ళు యంత్రం తెస్తున్నారత్తా, రేపు మధ్యాహ్నం."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావే?" అంది లువీనియా అత్త.

*

బుధవారం తెల్లారేసరికి ఆర్లీన్ మిట్ట మీద ఉంది. కాగితం జేబులోంచి తియ్యలేదు. ముందు నేలని అడగాలనుకుంది, తర్వాతే కాగితాన్ని. వాగు వైపు నుంచి అడుగడుగుకీ చువ్వ పొడుస్తూ వచ్చింది. దిగిన చోట తల వైపొకటి, కాళ్ళ వైపొకటి పైన్ రెమ్మ పెట్టింది. ఆగిన చోట వదిలేసింది. మోకాలు సలుపుతోంది, అయినా వంగడం మానలేదు. మూడో గుంట తర్వాత ముసలి పైన్ మొదలు అడ్డొచ్చింది. దాన్ని దాటాక మళ్ళీ వరుస. ఒకచోట చువ్వ రెండడుగుల పొడుగునే దిగి ఆగిపోయింది, పక్కనే ఇంకోటి అంతే. అక్కడ ఆమె చువ్వని చాలా నెమ్మదిగా పైకి తీసింది. చివరి గుంట దగ్గర కాగితం తెరిచి చూసుకుంటే, పదమూడూ పదమూడే. విరిచిన కాడల చోటుతో సహా.

ఆమెకి ఏడుపు రాలేదు. వీపు దానంతటదే నిటారుగా అయింది. వరుస మొదట్లో, దారికి ఎదురుగా, చువ్వ నేలలో గుచ్చి పట్టుకుని నిలబడింది.

పన్నెండింటికి వాగు దగ్గర యంత్రం ఉన్న లారీ ఆగింది. థేయర్ చిన్న బండిలో ముందుగా పైకొచ్చాడు. పక్క సీట్లో అగస్టా రెన్‌ఫ్రో. ఎనభై ఐదేళ్ళ మనిషి, నల్ల కోటు, చేతికర్ర. తమ్ముడి చోటు చూసుకోవాలని పట్టుబట్టి వచ్చిందట.

ఆర్లీన్ కాగితం థేయర్ చేతికిచ్చింది. ఎవరు చెబితే గీసిందో చెప్పింది. చువ్వ కూడా ఇచ్చి, నువ్వే చూసుకో అంది. అతను వరుస వెంట నడిచాడు. ఒక్కోచోట పొడిచాడు, కాగితం చూశాడు, మళ్ళీ పొడిచాడు. కవలల దగ్గరికి వచ్చేసరికి పొడవలేకపోయాడు. చువ్వ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"వింకా ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే ముందు పీకమన్నాను," అన్నాడు. "ఫోటోలు కూడా తీయించాను ఆర్లీన్ గారూ."

ఆమె అతన్ని ఓదార్చలేదు, తిట్టలేదు. అతనికి తెలియకపోవడం నిజమే. తెలుసుకోవాలని ఎవర్నీ అడగకపోవడమూ నిజమే.

అగస్టా బండి దిగింది. కర్ర పొడుచుకుంటూ వచ్చి, మొదటి రెమ్మ దగ్గర ఆగి, ఆ వరుసంతా చూసింది. థేయర్ లేచి ఏదో వివరించబోతే చేత్తో వారించింది. రికార్డులు, తమ్ముడి ఆఖరి కోరిక, రాసిచ్చిన అడవి, ఆ ముసలామె నోట ఏమేం రాగలవో వాటన్నిటికీ ఆర్లీన్ జవాబులు రాత్రే సిద్ధం చేసుకుంది. వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"ఇక్కడ చెక్కలుండేవి," అంది అగస్టా. "పైన్ చెక్కలు, పేర్లు చెక్కినవి. మా నాన్న పీకించి ఇంటికి తెచ్చాడు. బంక పట్టిన చెక్క కదా, పొయ్యి అంటుకోడానికి బాగుంటుందని. నాకు ఆరేళ్ళు, అప్పుడప్పుడే చదవడం వచ్చింది. మెచ్చుకుంటాడని ఒక పేరు చదివి వినిపించాను. చెంప మీద కొట్టాడు."

"ఏ పేరు?" అంది ఆర్లీన్.

"గుర్తులేదు. ఎప్పటి నుంచో గుర్తు తెచ్చుకుందామనే చూస్తున్నాను."

"లైల్ గారికి తెలుసా?"

"వాడు పుట్టలేదు అప్పటికి. నేను చెప్పలేదు." ఆమె కర్ర రెండు చేతుల్తో పట్టుకుంది. "చెప్పి ఉండాల్సింది. ఎవరికో ఒకరికి చెప్పి ఉండాల్సింది."

పైన గాలికి పైన్ సూదులు రాలుతున్నాయి. అగస్టా ఆ చివరిదాకా చూసి, అక్కడ వాలు వైపు నేల ఖాళీగానే ఉన్నట్టుంది కదా అని అడిగింది. ఆ అడగడంలో గొంతు మారింది. ఆ ఇంటి మనిషి ఆ గొంతుతో మాట్లాడగా ఆర్లీన్ ఎన్నడూ వినలేదు.

"మీరు ఒప్పుకుంటే... లైల్‌ని ఆ పక్కన పెట్టొచ్చా? వాళ్ళకి అడ్డం రాకుండా, కొంచెం ఎడంగా."

ఆ మిట్ట మీద ఒకరి అనుమతి ఇంకొకరు అడగడం అదే మొదలు. అడిగింది ఒక రెన్‌ఫ్రో, అడిగించుకున్నది ఒక గాస్కిన్. సరే అనడం చాలా తేలిక. సరే అంటే ఆ ముసలామె మనసు కుదుటపడుతుంది, థేయర్ మొహం తేటపడుతుంది, లారీ వెనక్కి పోతుంది, ఊళ్ళో ఆర్లీన్ మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఆమె టెంపీ వైపు చూసింది. ఆ ఎడం ఎవరి కోసం వదిలారో ఆమెకి తెలియదు. రెన్‌ఫ్రోల కోసం మాత్రం కాదు.

"కుదరదు మిస్ అగస్టా."

థేయర్ తలెత్తి చూశాడు.

"మీరు అడిగారు, అది మంచి పని. మీ నాన్న అడగలేదు," అంది ఆర్లీన్. "కానీ ఈ మిట్ట మావాళ్ళది. ఇంత అడవి ఉంది మీ తమ్ముడికి. ఇక్కడొద్దు."

అగస్టా కోపగించుకుంటుందనే ఆర్లీన్ అనుకుంది. ఆ ముసలామె తల ఊపింది, అంతే. మరి వాణ్ణి ఎక్కడ పెడతావు అని అడిగింది.

"నాకొదిలెయ్యండి. ఈ అడవిలో మంచి నేల ఎక్కడుందో నాకు తెలుసు."

యంత్రాన్ని లారీ మీంచి దించకుండానే వెనక్కి పంపారు. వాగుకి ఇవతల, నీరు నిలవని వాలు మీద, పిట్టలు పొద్దున్నే చేరే చోట ఒకటి ఆర్లీన్‌కి ఎప్పటి నుంచో కంట్లో ఉంది. ఒంటిగంటకి పట్టాలు పరిచింది. థేయర్ తనూ తవ్వుతానన్నాడు. మట్టి మోయమంది. అతను పైమట్టి ఒక పట్టా మీద, పసుపుమట్టి ఒక పట్టా మీద, ఒక్క ముద్ద కూడా కలవకుండా పోశాడు. పొద్దు వాలేసరికి మూడున్నర అడుగులు అయింది. గోడలు నున్నగా, మూలలు మూలల్లాగే ఉన్నాయి. కాదన్న మనిషికి కూడా ఆమె చేతిలో పని ఒక్కలాగే లేస్తుంది.

గురువారం పదింటికి లైల్‌ని తెల్లటి నూలు దుప్పట్లో తెచ్చి, పట్టీల మీద దించారు. అడుగున పైన్ రెమ్మలు పరిచి ఉంచింది ఆర్లీన్. అగస్టా మొదటి పార మట్టి వేసి, ఆర్లీన్ దగ్గరికొచ్చి, చక్కటి గొయ్యి అంది. అవునండీ అంది ఆర్లీన్.

*

శనివారం లువీనియా అత్తని తీసుకొచ్చారు. థేయరే చిన్న బండి తోలాడు, వాగు దాటేటప్పుడు కుదుపు తగలకుండా నడిచేంత నెమ్మదిగా. పీకిన తీగ నింపిన సంచుల్లో తొమ్మిది ఇంకా పారెయ్యలేదని, అందులో బతికున్న వేళ్ళు నాటితే అంటుకుంటాయని దారంతా చెప్పాడు. పరాయి తీగని తన చేత్తో నాటడం ఆ చదువు చదివినవాడికి చిన్న సంగతి కాదు. అత్త వింది, బాగానే నాటు నాయనా అంది, అంతకుమించి అతనితో మాట్లాడలేదు.

ఆవిడ ఊదారంగు టోపీ పెట్టుకుంది, ఆదివారాల కోటు వేసుకుంది. మిట్ట ఎక్కాక బండి ఆపించి, నడుస్తానంది. ఆర్లీన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, మళ్ళీ తనే పట్టుకుంది.

"అగస్టా అడిగితే కాదన్నావట."

"కాదన్నాను."

"మొహం మీదే?"

"మొహం మీదే అత్తా."

అత్త నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి ఆగాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, వాగు వైపు చివర నుంచి వరుస వెంట నడిచింది. ఒక్కో రెమ్మ దగ్గరా ఆగి, వయసులో తనకన్నా పెద్దవాళ్ళని ఎలా పలకరించాలో అలా, పేరు పెట్టి పలకరించింది. కవలల దగ్గర రెండుసార్లు ఆగింది. చివరికి టెంపీ దగ్గరికి వచ్చింది. టోపీ తీసి, ఆర్లీన్ చేతికిచ్చి, కాసేపు నిలబడింది. తర్వాత టోపీ తీసుకుని మళ్ళీ పెట్టుకుని, సర్దుకుంది.

"ఈ పక్కన ఖాళీయేనా?"

ఆర్లీన్ చువ్వ పొడిచింది. జానెడు దిగి గట్టిగా ఆగింది. ఇంకో మూడు చోట్ల పొడిచి చూసింది. ఎక్కడా దిగలేదు. ఎవరూ ముట్టుకోని నేల.

"ఖాళీయే."

"అయితే నాకుంచు."

"ఊళ్ళో చర్చి శ్మశానంలో నీకు చోటుంది కదత్తా. రాయి కూడా చెక్కించుకున్నావు."

"అది మీ అన్నకియ్యి. వాడికి సిమెంటంటే ఇష్టం."

థేయర్ దూరంగా బండి దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు. ఆర్లీన్ జేబులోంచి టేపు తీసింది, నాలుగు కొయ్య మేకులు తీసింది. తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. పొద్దున లేస్తే మొహాన ఎండ పడాలి, వరుసలో అందరిలాగే. మొదటి మేకు తల వైపు దిగ్గొట్టి, ఎత్తెంత అత్తా అని అడిగింది.

"ఐదడుగుల ఆరంగుళాలు," అంది లువీనియా అత్త.

ఆర్లీన్ తలెత్తి చూసింది. తను లేచి నిలబడితే, టోపీతో కలిపి కూడా ఆవిడ తన భుజం దాటదు. ఐదడుగులుంటే గొప్ప. ఎప్పుడో నడుము వంగింది, ఎముకలు కుదించుకుపోయాయి. ఇంట్లో పై అరలోని పంచదార డబ్బా అందుకోడానికి పీట వేసుకుంటుంది.

"ఏం చూస్తున్నావే? రాసుకో," అంది అత్త. "ఇక్కడ నేను ముడుచుకుని పడుకోను."

ఆర్లీన్ టేపు పూర్తిగా లాగి, ఐదడుగుల ఆరంగుళాల దగ్గర మేకు పెట్టి దిగ్గొట్టింది.